గుర్రపుశాలలో పగిలిన ఇత్తడి

వానలు వెనకబట్టి, పెట్టెలు విప్పి చూస్తే తూటాలు పగిలి ఉండేవి. వాటిని ఎవరూ పేల్చలేదు, కింద పడేయలేదు. అయినా గుండును బిగించి పట్టుకునే మెడ దగ్గర ఇత్తడి గొట్టం నిలువునా చీలి ఉండేది. భారతదేశంలోని బ్రిటిష్ సైన్యాన్ని ఈ తెగులు ఏళ్ల తరబడి వేధించింది. ముసురు పట్టిన నెలల్లో గుర్రపుశాలల్లో దాచిన తూటాలకే ఇది ఎక్కువగా వచ్చేది. వానాకాలంతో ముడిపడి కనిపించేది కాబట్టి ఇంగ్లీషువాళ్లు దీన్ని ‘సీజన్ క్రాకింగ్’ అన్నారు. పేరైతే పెట్టారు గానీ, పెట్టెలో కదలకుండా పడి ఉన్న ఇత్తడి తనంతట తాను ఎందుకు చీలుతుందో చాలాకాలం పాటు ఎవరికీ అంతుపట్టలేదు. 1921లో గానీ ముడి వీడలేదు.

ఆ జవాబు నేటికీ పాతబడలేదు. పేల్చిన తూటాల ఖాళీ కేసులను ఏరి, శుభ్రం చేసి, దాచుకుని, మళ్లీ నింపి వాడుకునేవాళ్లు అమెరికాలో, ఇంకా కొన్ని దేశాల్లో పెద్ద సంఖ్యలో ఉన్నారు. పోటీల్లో పాల్గొనే షూటర్లు, వేటగాళ్లు ఖర్చు తగ్గించుకోవడానికీ, తమ రైఫిల్‌కు సరిగ్గా నప్పే తూటా కోసమూ ఈ పని చేస్తారు. మన దగ్గర పరిస్థితి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. పోలీసు, సైనిక ఫైరింగ్ రేంజుల్లో కాల్పులు ముగిశాక ఖాళీ కేసులను ఏరి లెక్క అప్పగించడం మామూలు. అయితే ఆ కేసుకు సంబంధించిన లోహశాస్త్రం మాత్రం మన వంటింట్లో చింతపండుతో తోమే చెంబుదే.

తూటా నాలుగు వస్తువుల కలయిక. ముందు భాగాన గుండు, దాని వెనక మందు, అడుగున నడిమధ్య మందును అంటించే చిన్న ప్రైమర్, వీటన్నిటినీ ఒక్కచోట పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. ఆ గొట్టమే కేసు. గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ ఒక్కసారికే పనికొస్తుంది. మిగిలేది కేసు ఒక్కటే.

పేలిన క్షణంలో ఆ గొట్టం ఎంత పని చేస్తుందో చూస్తే దాన్ని పారేయబుద్ధి కాదు. వేటలోనూ పోటీల్లోనూ ఎక్కువగా వాడే .308 వించెస్టర్ తూటాకు అమెరికా పరిశ్రమ అనుమతించే గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఉండేది 15 పౌండ్లు. అంటే సుమారు 4,000 రెట్లు. ఆ ఒత్తిడికి కేసు గోడలు ఉబ్బి తుపాకీ ఛాంబర్‌కు అతుక్కుపోతాయి. వేడి వాయువు ఒక్క చుక్క కూడా షూటర్ ముఖం మీదికి రాకుండా అడ్డం నిలుస్తాయి. మరుక్షణం ఒత్తిడి పడిపోగానే కేసు వెంట్రుకవాసి వెనక్కి ముడుచుకుంటుంది. ఆ కాస్త ముడుచుకోవడం వల్లే అది ఛాంబర్ నుంచి సులువుగా ఊడి వస్తుంది.

ఒట్టి రాగి ఇలా ముడుచుకోదు. అమెరికా సైన్యం 1870లలో తన .45-70 రైఫిళ్లకు రాగి కేసులు ఇచ్చింది. కాలుస్తూ ఉంటే ఛాంబర్ వేడెక్కి, రాగి అందులోనే ఇరుక్కుపోతోందని సైనికులు మొత్తుకున్నారు. 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ పోరులో అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఆ ఫిర్యాదు మరింత గట్టిగా వినిపించింది. ఆ ఓటమికి ఇరుక్కున్న కేసులు ఎంతవరకు కారణమన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకోవలసిన వాదన. సైన్యం మాత్రం ఆ తర్వాత ఇత్తడికి మారింది. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింక్. ఈ పాళ్ల దగ్గర ఇత్తడికి సాగే గుణం దాదాపు గరిష్ఠంగా ఉంటుంది, బలమూ చాలినంత ఉంటుంది. అందుకే లోహశాస్త్ర పుస్తకాల్లో ఈ మిశ్రమానికి ‘కార్ట్రిడ్జ్ బ్రాస్’ అన్న పేరే స్థిరపడింది.

అన్ని కేసులూ మళ్లీ పనికిరావు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పోటీపడిన 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వాడేవి .22 రిమ్‌ఫైర్ తూటాలు. వాటికి విడిగా ప్రైమర్ ఉండదు. అంటుకునే రసాయనం అడుగంచు మడతలోనే ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ మడతను నొక్కేశాక ఇక దాన్ని నింపే దారి లేదు. పెద్ద తూటాల్లోనూ రెండు రకాలు ఉన్నాయి. 1860లలో బ్రిటిష్ సైన్యాధికారి ఎడ్వర్డ్ బాక్సర్ ఒక రకం ప్రైమర్ రూపొందిస్తే, అమెరికన్ అయిన హైరమ్ బెర్డాన్ ఇంకో రకం రూపొందించాడు. బాక్సర్ రకంలో నిప్పు పారే రంధ్రం ఒక్కటే, అదీ సరిగ్గా మధ్యలో. లోపలి నుంచి సన్నని కడ్డీతో పొడిస్తే పాత ప్రైమర్ ఊడి పడుతుంది. బెర్డాన్ రకంలో మామూలుగా రెండు రంధ్రాలు పక్కపక్కన ఉంటాయి. కడ్డీ దూరదు. ఆంగ్లేయుడి పద్ధతి అమెరికాలో, అమెరికన్ పద్ధతి యూరప్‌లో వేళ్లూనుకున్నాయి. అమెరికాలో తూటాలు ఇంట్లో నింపుకునే అలవాటు పెరగడానికి ఆ ఒంటి రంధ్రం ఎంతో తోడ్పడింది.

పేలాక కేసు మీద మిగిలే మురికి అంతా ఒకే జాతిది కాదు. మెడ చుట్టూ నల్లటి మసి. లోపల కాలీకాలని మందు పొర. ప్రైమర్ గుంటలో గట్టిగా పేరుకున్న బూడిద. రేంజ్ నేల నుంచి అంటుకున్న ఇసుక వీటికి అదనం. నాలుగింటిలో ముందుగా వదిలించుకోవలసింది ఇసుకనే. మళ్లీ నింపే ముందు ఉబ్బిన కేసును డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెస్తారు. ఒక్క ఇసుక రేణువు అందులో చిక్కినా డై లోపలి గోడ మీద గీత పడుతుంది. ఆ తర్వాత అందులోకి వెళ్లే ప్రతి కేసు మీదా అదే గీత. శుభ్రం చేయడానికి అసలు కారణం ఇది. మెరుపు కొత్తవాళ్లను ఆకర్షిస్తుంది గానీ, దాని వల్ల ఒరిగేదల్లా గడ్డిలో పడిన కేసు తొందరగా కంటపడటం, సన్నని చీలిక స్పష్టంగా కనబడటం. మసక ఇత్తడి కూడా గుండును అంతే సూటిగా పంపుతుంది.

పాత పద్ధతి పొడి పద్ధతి. మొక్కజొన్న కండెలను, లేదా అక్రోటు చిప్పలను పలుకులుగా కొట్టి ఒక గిన్నెలో నింపుతారు. కేసులను అందులో వేసి గంటల తరబడి మోటారుతో అదరనిస్తారు. అక్రోటు చిప్ప గట్టిది, మసిని త్వరగా గీకేస్తుంది. మొక్కజొన్న కండె మెత్తనిది, నునుపు తెస్తుంది. మన అమ్మమ్మలు ఊకబూడిదనూ కొబ్బరిపీచునూ జోడీగా వాడింది ఇందుకే. ఒకటి గీకడానికి, రెండోది మెరుగు పెట్టడానికి. పని అయ్యాక అడుగు రంధ్రంలో ఒక పలుకు ఇరుక్కుని ఉంటుంది. ప్రతి కేసునూ వెలుతురుకు పట్టి చూసి సూదితో పొడిచి తీయవలసిందే. పలుకు అలా ఉండిపోతే ప్రైమర్ నిప్పు మందుకు సరిగ్గా అందదు.

తడి పద్ధతిలో తిరిగే డ్రమ్ములో కేసులు, నీళ్లు, కాస్త గిన్నెల సబ్బు, చిటికెడు సిట్రిక్ ఆమ్లం, వేలకొద్దీ స్టీలు పిన్నులు వేస్తారు. పిన్ను బియ్యపుగింజ పొడవున ఉంటుంది. అది ప్రైమర్ గుంటలోకీ దూరుతుంది. గంటో రెండు గంటలో తిరిగాక డ్రమ్ము మూత తీస్తే నీళ్లు కాటుక కలిపినట్టుగా ఉంటాయి. కేసులు లోపలా బయటా కొత్తవాటిలా బయటికి వస్తాయి. సిట్రిక్ ఆమ్లం ఎంత తక్కువ కావాలంటే, కొందరు చెంచా పక్కనపెట్టి .45 పిస్టల్ ఖాళీ కేసుతోనే పొడి కొలిచి వేస్తారు. అల్ట్రాసోనిక్ యంత్రాలూ ఉన్నాయి. సెకనుకు సుమారు 40,000 కంపనాలతో నీళ్లలో సూక్ష్మమైన బుడగలు పుట్టించి, అవి పేలే తాకిడితో మసిని ఊడదీస్తాయి.

ఆమ్లం చేసే పనిని తెలుగు ఇళ్లలో ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఇత్తడి మీద పట్టే నలుపు ఎక్కువ భాగం రాగి ఆక్సైడే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, కింది పసుపు బయటపడుతుంది. నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం పనీ అదే. అయితే చింతపండు పూసి మరిచిపోయిన చెంబు పసుపుగా ఉండకుండా ఎర్రబారుతుందని కూడా తోమేవాళ్లకు తెలుసు. ఆమ్లం అక్కడ ఆక్సైడ్‌తో ఆగలేదు. పైపొరలోని జింక్‌ను కూడా లాగేసుకుని రాగిని మిగిల్చింది. ఆమ్లంలో ఎక్కువసేపు నానిన కేసు కూడా ఇలాగే గులాబీ రంగుకు తిరుగుతుంది. పైపైన తేలిన ఎరుపుతో ప్రమాదం ఉండదు. కానీ ఆ రంగు ఒక హెచ్చరిక. ఆమ్లం ఎక్కువైంది, ఇక నీళ్లలోంచి తీయాలి.

కడిగాక ఆరబెట్టడంలో ఒక ఉచ్చు ఉంది. తొందరలో కేసులను ఓవెన్‌లో పెట్టి వేడి పెంచితే తడి ఆరడంతో ఆగదు, లోహం మెత్తబడే దాకా పోతుంది. కేసు మెడ మెత్తగా ఉండాలి, అడుగు గట్టిగా ఉండాలి. 62,000 పౌండ్ల ఒత్తిడిని ఆపేది ఆ గట్టి అడుగే. ఒకసారి మెత్తబడితే దాన్ని ఇంట్లో మళ్లీ గట్టిపరచడం అసాధ్యం, పేల్చినప్పుడు చిట్లిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు 100 డిగ్రీల లోపు వేడితోనో, ఎండలో గుడ్డ పరిచో ఆరబెడతారు.

శుభ్రం చేసే మనిషి మాట ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి. నేటి ప్రైమర్లలో ఎక్కువవాటిలో లెడ్ స్టిఫ్నేట్ ఉంటుంది. అది సీసపు సమ్మేళనం. పేలాక ఆ సీసం మసిలో కలిసి కేసుకు అంటుకుంటుంది. పొడి పద్ధతిలో గిన్నె మూత తీసి, పలుకులను జల్లెడ పట్టినప్పుడు పైకి లేచే సన్నని ధూళిలో సీసం ఉంటుంది. అది ఊపిరితో లోపలికి పోతుంది, చేతుల నుంచి అన్నం ముద్దలోకి పోతుంది, చొక్కాకు అంటుకుని ఇంట్లో పిల్లల దగ్గరికి చేరుతుంది. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదని చెప్పే స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. అందుకే జల్లెడ పని ఆరుబయట చేయాలి, ముఖానికి తగిన మాస్కు ఉండాలి, ఆ బట్టలను విడిగా ఉతకాలి. వంటింటి సింకులో కేసులు కడగడం ఎంత మాత్రం తగదు. తడి పద్ధతిలో ధూళి లేవదు. కానీ సీసం మాయం కాదు, ఆ నల్లటి నీళ్లలో ఉంటుంది. మెరుపు చూసి మురిసిపోయి ఈ సంగతి మరిచిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఎంత కడిగినా పోని విషం ఒకటి ఒకప్పుడు ఉండేది. 19వ శతాబ్దంలో ప్రైమర్లలో పాదరసపు ఫల్మినేట్ వాడేవారు. నల్లటి తుపాకీమందు రోజుల్లో కాలిన బూడిద చాలా ఎక్కువగా మిగిలేది. పాదరసం అందులో కలిసి పల్చబడి కొట్టుకుపోయేది. పొగలేని మందు వచ్చాక బూడిద తగ్గింది, పాదరసం నేరుగా ఇత్తడిలోకి ఇంకింది. పైకి కేసు బంగారంలా ఉండేది, వేలితో నొక్కి చూసినా తేడా తెలిసేది కాదు. లోపల మాత్రం పెళుసు. రెండోసారి పేల్చినప్పుడు విరిగేది. ఆ తర్వాత పొటాషియం క్లోరేట్ ప్రైమర్లు వచ్చాయి. అవి మిగిల్చే పొటాషియం క్లోరైడ్ ఉప్పుకు చుట్టం. గాలిలో తేమను పీల్చుకుని ఉక్కు బ్యారెల్‌కు తుప్పు పట్టిస్తుంది, ఇత్తడికీ మచ్చలు పెడుతుంది. నూనెతో ఎంత తుడిచినా ఉప్పు కరగదు, వేడినీళ్లు పోస్తే చాలు కరిగిపోతుంది.

కడిగిన ప్రతి కేసూ మళ్లీ నింపడానికి అర్హమైనది కాదు. పేలిన ప్రతిసారీ ఇత్తడి ముందుకు సాగుతుంది. అడుగుకు కొంచెం పైన గోడ లోపలి వైపు నుంచి పల్చబడుతూ వస్తుంది. బయట అక్కడ ఒక మెరిసే గీత ఉంగరంలా కనబడితే అప్పటికే ఆలస్యమైంది. దాన్ని ముందే పసిగట్టడానికి పాతకాపులు పేపర్ క్లిప్పును తిన్నగా సాగదీసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, కేసు మూతి గుండా లోపలికి పోనిస్తారు. గోడకు ఆనించి అడుగు నుంచి పైకి మెల్లగా లాగుతారు. నునుపుగా వస్తే సరే. ఒకచోట కొస టక్కున తట్టుకుందంటే అక్కడ గాడి పడినట్టే. ఆ కేసును ఇంకోసారి పేలిస్తే రెండు ముక్కలు కావచ్చు. బయటికి కనబడని లోపాన్ని వేలికొసకు తెలిసే ఆ చిన్న తట్టు చూపిస్తుంది.

మెడ కథ దీనికి తలకిందులు. పేలినప్పుడు విచ్చుకోవడం, డైలో ముడుచుకోవడం, గుండు దూరినప్పుడు మళ్లీ విచ్చుకోవడం. ఇలా వంచగా వంచగా ఇత్తడి బిరుసెక్కుతుంది, చివరికి నిలువునా చీలుతుంది. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే కళాకారులకు ఈ బిరుసు పాత పరిచయం. సుత్తి దెబ్బలకు రేకు మొండికేస్తే దాన్ని కాల్చి మెత్తబరుస్తారు, మళ్లీ సుత్తి పట్టుకుంటారు. దెబ్బలకు చెదిరిన స్ఫటికాలు ఆ వేడిలో కొత్తగా అల్లుకుంటాయి. కేసు మెడకూ ఇదే వైద్యం. కేసులను పళ్లెంలో నీళ్లు పోసి సగం దాకా నిలబెట్టి, పైన మెడకు మాత్రం సన్నని మంట చూపిస్తారు. కాలగానే కేసును నీళ్లలోకి తోసేస్తారు. ఉక్కు ఇలా నీళ్లలో పడితే గట్టిపడుతుంది, ఇత్తడి గట్టిపడదు. ఆ నీళ్లు వేడి అడుగుకు పాకకుండా ఆపడానికే. సైనిక రైఫిల్ తూటాల మెడ మీద కనిపించే నీలి ఊదా నీడ ఫ్యాక్టరీలో ఇలా మెడను మెత్తబరిచిన గుర్తే. సాధారణ మార్కెట్‌కు వెళ్లే తూటాల మీద ఆ నీడను తోమేస్తారు.

ఇప్పుడు గుర్రపుశాల దగ్గరికి వెళ్దాం. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు ఆ పగుళ్ల కారణాన్ని వివరించారు. గుర్రపు మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. వానాకాలపు తేమగాలిలో అమ్మోనియా కలిసి ఇత్తడి మీద కనబడని పొరలా దిగుతుంది. రాగికి అమ్మోనియా అంటే ఎక్కడలేని ప్రీతి. రెండూ కలిసి ముదురు నీలి రంగు సమ్మేళనంగా నీళ్లలో కరిగిపోతాయి. అయితే అంతమాత్రాన గొట్టం చీలదు. మెడను గుండు చుట్టూ బిగించినప్పుడు లోహంలో ఒక బిగువు దాగి ఉండిపోతుంది, లాగి కట్టిన తాడులో ఉన్నట్టు. ఆ బిగువు ఉన్నచోట అమ్మోనియా స్ఫటికాల మధ్య అతుకుల వెంట తొలుచుకుంటూ పోతుంది. సందు ఏర్పడిన కొద్దీ బిగువు దాన్ని ఇంకా విడదీస్తుంది. బిగువు, అమ్మోనియా, తేమగాలి మూడూ కలిస్తేనే పగులు. ఏ ఒక్కటి లేకపోయినా ఇత్తడి నిక్షేపంలా ఉంటుంది.

విరుగుడు కూడా ఆ వివరణలోనే దొరికింది. తయారైన కేసును సుమారు 250 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే గట్టిదనం పెద్దగా తగ్గకుండానే దాగిన బిగువు సడలుతుంది. తూటాలను గుర్రాలకు దూరంగా పెట్టడం రెండో జాగ్రత్త. తర్వాత కాలంలో ఇత్తడి వస్తువుల్లో బిగువు మిగిలిందా లేదా అని తెలుసుకోవడానికి మచ్చుకు కొన్నింటిని మెర్క్యురస్ నైట్రేట్ ద్రావణంలో ముంచడం ప్రామాణిక పరీక్షగా స్థిరపడింది. బిగువు ఉంటే కళ్లముందే చీలుతుంది.

ఇంట్లో కేసులు దాచుకునేవాళ్లకు గుర్రాలు ఉండకపోవచ్చు, అమ్మోనియా మాత్రం ఉంటుంది. గ్యారేజీలో పచ్చిక కోసం తెచ్చిన అమ్మోనియం ఎరువు బస్తా, అద్దాలు తుడిచే కొన్ని ద్రవాలు, కోళ్ల గూడు, పశువుల కొట్టం. అన్నిటికంటే దారుణం, ఇత్తడి మెరుగు కోసమని అమ్ముతున్న కొన్ని ద్రవాల్లోనే అమ్మోనియా ఉండటం. గుడి గంటకూ తలుపు గడియకూ దానితో పెద్ద నష్టం లేదు. డైలో నొక్కుడు తిని బిగువు నింపుకున్న కేసుకు మాత్రం అది గుర్రపుశాలే. తోలూ ఇత్తడికి పడదు. పాత తోలు పటకాల తూటా గూళ్లలో నెలల తరబడి ఉంచిన తూటాల మీద పచ్చని చిలుము మేట వేస్తుంది. తోలుకు పట్టించిన ఆమ్లాలూ కొవ్వులూ రాగితో కలిసి తయారైన పదార్థం అది. రివాల్వర్ తూటాలను నిత్యం తోలు పటకాల్లో మోసే పోలీసుల కోసం నికెల్ పూత కేసులు వచ్చింది అందుకే. గంధకం కలిసిన రబ్బరు బ్యాండ్లతో కట్టలు కట్టినా బ్యాండు తగిలిన చోటల్లా నల్లటి చార పడుతుంది.

మంచి నిల్వకు కావలసింది చిన్న సరంజామా. మూతకు రబ్బరు పట్టీ ఉన్న ఇనుప పెట్టె, లేదా మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బా. అందులో ఒక సిలికా జెల్ పొట్లం. పూర్తిగా ఆరిన కేసులు. మిగిలిన తడిని పెట్టెలో మూసిపెట్టడం కంటే అసలు మూయకపోవడమే మేలు. పెట్టె మీద చీటీ ఉండాలి. ఏ కొలత కేసులు, అడుగున కొట్టిన ముద్ర ఏది, ఎన్నిసార్లు పేల్చారు, మెడను చివరిసారి ఎప్పుడు మెత్తబరిచారు. పుణె దగ్గర 1869లో మొదలైన కిర్కీ ఫ్యాక్టరీ తూటాల అడుగున ‘కేఎఫ్’ అని ఉన్నట్టే, ప్రతి ఫ్యాక్టరీకీ తన ముద్ర ఉంటుంది. వేర్వేరు ముద్రల కేసుల గోడల మందం వేర్వేరుగా ఉంటుంది కాబట్టి వాటిని కలిపి పోయరు. ఎక్కువ ఒత్తిడికి గురయ్యే రైఫిల్ కేసు కొద్దిసార్లకే అలసిపోతుంది, తక్కువ ఒత్తిడి పిస్టల్ కేసు ఎన్నో రెట్లు ఎక్కువ కాలం మన్నుతుంది. లెక్క రాయకపోతే ఏది ఎంత అలసిందో చూపుతో చెప్పలేరు.

నెలలు గడిచాక పెట్టె తెరిచినప్పుడు మొదట వేళ్లు వెళ్లేది మెడ మీదికి. నలుపు పట్టి ఉంటే తోమితే పోతుంది. పచ్చటి చిలుము ఉంటే తుడిచి, కింద గుంట పడిందేమో గోటితో గీకి చూస్తారు. నీలిరంగు మరక, దాని పక్కన వెంట్రుక లాంటి గీత కనబడితే ఇక చూసేదేమీ లేదు. ఎవరి చేతికీ పొరపాటున మళ్లీ చిక్కకుండా ఆ కేసు మూతిని పట్టకారుతో నొక్కి చదును చేసి, పాత ఇత్తడి డబ్బాలో పడేస్తారు.